తోడేలు పోసే హద్దు

ఉదయగిరి వైపు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "మా నాయన గొర్రెలు మేపుతాడు. తోడేలు ఎప్పుడొచ్చినా బాట పక్కన అదే బండ దగ్గర కాలెత్తి ఉచ్చ పోస్తుందంట. ఎందుకు సార్ అట్టా?"

తోడేలు ముక్కు ఎంత పదునో చెప్పే లెక్కలు వదిలేద్దాం. అసలు విషయం ఆ బండే.

పొలానికి హద్దురాయి పాతితే, పాతినవాడు పోయినా అది అక్కడే ఉంటుంది. తోడేలు మూత్రంతో పెట్టే హద్దు ఎండకు ఆవిరవుతుంది, వానకు కొట్టుకుపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ పోయాలి. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ, దాని బలమే అది. రాయి అబద్ధం చెప్పగలదు, ఘాటైన వాసన చెప్పలేదు. యజమాని ఈమధ్యే ఇటు తిరిగాడంటే తిరిగినట్టే!

మూత్రంలో మిథైల్ ఐసోపెంటైల్ సల్ఫైడ్ లాంటి గంధక సమ్మేళనాలు, కీటోన్లు ఉంటాయి. వాటి పాళ్లు ఆడ, మగ తేడాను బట్టీ, రుతువును బట్టీ మారతాయి. తేలిగ్గా ఆవిరయ్యేవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి నిలుస్తాయి. అంటే పొద్దున పోసిన చుక్కకు సాయంత్రం అదే వాసన ఉండదు. బడిలో మూత్రం అనగానే పిల్లలు నవ్వుతారు, సార్లు పేజీ తిప్పేస్తారు. నక్కకొమ్ములో వశీకరణ ఉందని డబ్బులు పోసేవాళ్లున్నారు గానీ, ఈ చుక్కలోని మహిమ ఎవరికీ పట్టదు.

పరిశోధకులు రోజర్ పీటర్స్, డేవిడ్ మీచ్ అమెరికాలోని మిన్నెసోటాలో మంచు మీద తోడేళ్ల జాడల వెంట నడిచి లెక్కపెట్టారు. 1975లో ప్రచురించిన ఆ పరిశీలన ప్రకారం బాట వెంట సగటున 240 మీటర్లకు ఒక వాసన గుర్తు ఉంది. ఇలాకా అంచుల్లో గుర్తులు రెట్టింపు. పొరుగు గుంపు వాసన తగిలితే తోడేలు ఇంకా ఎక్కువ పోస్తుంది, అటువైపువీ అంతే. అలా అంచు దానంతటదే చిక్కబడుతుంది. తన వాసనలో పరాయి వాసన కలుస్తోందంటే, ఎల్ల దగ్గరికి వచ్చేసినట్టే.

కాలెత్తేది గుంపులో ప్రతిదీ కాదు, ముఖ్యంగా పెద్ద జంట. ఆడది కూడా కాలెత్తుతుంది. కొత్తగా జతకట్టినవైతే ఒకటి పోసిన చోటే రెండోది పోయడం మరీ ఎక్కువ.

ఇక బండ ఎందుకంటే, నేల మీదకన్నా ఎత్తులో పోసిన వాసన వచ్చేపోయే జంతువు ముక్కుకు సూటిగా అందుతుంది. తోడేళ్లు బాటలు కలిసే చోట్లను కూడా ఎక్కువగా ఎంచుకుంటాయి. మీ బండ దగ్గర రెండు బాటలు కలుస్తున్నాయా, చుట్టూ గోళ్లతో గీరిన మట్టి ఉందా, మీ నాయన్ని అడిగి చూడు.