గనుల పక్క పొలాల మట్టి: అపోహలు, వాస్తవాలు

మట్టి పరీక్షలు చేయడమే నా పని. గనుల చుట్టుపక్కల ఊళ్ల నుంచి శాంపిల్ పట్టుకొచ్చే రైతుల నోట తరచూ వినే మాటలివి.

"సాయిల్ హెల్త్ కార్డులో అన్నీ బాగానే ఉన్నాయండీ"
ఆ కార్డులో ఉండేవి 12 అంశాలే. నత్రజని, భాస్వరం, పొటాష్, జింక్, పీహెచ్ లాంటివి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అందులో లేనే లేవు. ఎరువు ఎంత వేయాలో చెప్పే కార్డు అది. భార లోహాల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి.

"పైరు పచ్చగా ఉంది, మట్టికేం కాలేదు"
నన్ను బాగా భయపెట్టే నమ్మకం ఇదే. మనిషిని దెబ్బతీసేంత కాడ్మియం గింజలోకి చేరినా వరి పైరు మామూలుగానే కనిపించొచ్చు. జపాన్‌లో కమియోకా గని నుంచి జింజు నదిలో కలిసిన కాడ్మియం సాగునీటితో పాటు తొయామా ప్రాంతంలోని వరి పొలాలకు చేరింది, ఏళ్ల తరబడి ఆ బియ్యం తిని ఆ నీళ్లు తాగినవాళ్లకు, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్లకు, కిడ్నీలు పాడై ఎముకలు మెత్తబడి చిన్న కదలికకే విరిగిపోయేవి. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. పాడైన మట్టిని కిందికి పూడ్చి పైన మంచి మట్టి పరిచి ఆ పొలాలను బాగుచేసే పని 2012 దాకా సాగింది.

"గని మూతపడి చాలా ఏళ్లయింది కదా"
జాంబియాలోని కాబ్వే సీసం గని 1994లో మూతపడింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల రక్తంలో కూడా సీసం ఎక్కువగా ఉంది, ఎందుకంటే వాళ్లు ఆడుకునేది ఆ దుమ్ములోనే, ఆ చేతులే నోట్లోకి వెళ్తాయి. లోహం కుళ్లిపోయేది కాదు.

"సున్నం చల్లితే విషం పోతుంది"
పోదు. ఆమ్ల నేలలో సున్నం వేస్తే సీసం, కాడ్మియం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, వేరు పీల్చుకునేది తగ్గుతుంది, అంతవరకు మంచిదే. కానీ నేల మళ్లీ పులిస్తే అవి మళ్లీ కదులుతాయి. పైగా ఆర్సెనిక్, హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియంలో బాగా విషపూరితమైన రూపం) ఉన్న చోట సున్నం ఎక్కువైతే అవి ఇంకా తేలిగ్గా నీళ్లలోకి దిగుతాయి. నీళ్లు నిలగట్టడమూ అంతే: మడిలో నీళ్లుంటే బియ్యంలోకి కాడ్మియం తగ్గుతుంది, ఆర్సెనిక్ పెరుగుతుంది. అందుకే ఏ లోహం ఉందో తేలకుండా ఎవరేం చెప్పినా చేయకండి, దయచేసి.

"పొద్దుతిరుగుడు వేస్తే అంతా లాగేస్తుంది"
కొంత లాగుతుంది, నిజమే, కానీ ఒకటి రెండు పంటలతో అయ్యే పని కాదు. లాగిన లోహం ఆ మొక్కలోనే ఉంటుంది కాబట్టి ఆ చొప్ప పశువులకు వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, అదే పొలంలో కలియదున్నకూడదు.