బెజవాడలో కూర్చుని ఎడారి గోలేంటి? ఒక టౌన్ ప్లానర్ రాసుకున్న అపోహలు - వాస్తవాలు

జూన్ 17 ఎడారీకరణ నిరోధక దినం. ఆ రోజు నేనేదైనా పోస్టు పెడితే "కృష్ణ ఒడ్డున ఉంటూ మీకు ఎడారి గోలేంటండీ" అని ఒక్కరైనా అడుగుతారు. లేఅవుట్లు గీసే పనిలో ఉన్నవాణ్ని, అడగడం సహజమే.

అపోహ: ఎడారి అంటే రాజస్థాన్ నుంచి ఇసుక జరుగుతూ రావడం.

వాస్తవం: 1994 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం, పొడి ప్రాంతాల్లో నేల సత్తువ కోల్పోవడమే ఎడారీకరణ. దానికి వాతావరణమూ కారణమే, మనిషి చేతలూ కారణమే. అది మచ్చలు మచ్చలుగా, నేల చెడిన చోటల్లా మొదలవుతుంది. ఇస్రో 2021 అట్లాస్ చూస్తే దేశ విస్తీర్ణంలో దాదాపు 30 శాతం, అంటే 9.78 కోట్ల హెక్టార్లు, ఏదో ఒక రకంగా క్షీణించిన నేలే. అందులో పెద్ద వాటా గాలిది కాదు, వాననీటి కోతది.

ఇసుక తిన్నెలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. అనంతపురం జిల్లా దర్గా హొన్నూరు దగ్గర ఎండిన హగరి నది ఇసుకని ఆషాఢం గాలి పొలాల మీదికి ఎత్తిపోస్తుంది. ఆ హగరి తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో కలుస్తాయి. అంటే మన ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్న ఊరే అది.

అపోహ: చెట్లు నాటేస్తే సరి.

వాస్తవం: సర్కారు తుమ్మ నాటి చూశాం కదా, మేత బీళ్లన్నీ అదే కమ్మేసింది. కదిలే ఇసుకలో ముందు ఎండుకంపతో గాలికి అడ్డంగా దడి కట్టాలి, ఆ చాటునే మొక్క బతుకుతుంది. అక్కడ ప్రహరీ కట్టేవాళ్లు కూడా గాలి వాటం చూసుకోవాలి, లేకపోతే ఇసుకంతా గోడ పక్కనే పోగవుతుంది.

అపోహ: ఎడారి ఊళ్లను ఖాళీ చేయిస్తుంది, అంతే.

వాస్తవం: ఖాళీ అయిన ఊరి జనం మరో ఊరికి చేరతారు. పశ్చిమ ఆఫ్రికా దేశం మారిటేనియా రాజధాని నౌక్‌చోట్‌ని 1950ల చివర్లో సుమారు 15,000 మంది కోసం ప్లాన్ చేశారు. 1970ల కరవుల్లో పశువులు పోగొట్టుకున్న సంచార కుటుంబాలు దాని చుట్టూ గుడారాలు వేసుకున్నాయి. ఇప్పుడు జనాభా 10 లక్షలు దాటింది. ప్లానర్ల లెక్క తప్పిందంటారు గానీ, నాకు అనిపించేది వేరు: వాళ్లు ఊరి లెక్క వేశారు, చుట్టూ ఉన్న నేల లెక్క వేయలేదు.

మరి మన పక్కనే ఉన్న గుంటూరు సంగతి? మిర్చి కోతలప్పుడు పల్నాడు వైపు వెళ్లి చూడండి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలు పొలాల పక్కన గుడారాల్లో ఉంటాయి. "సుగ్గికి వచ్చినాం" అంటారు, అంటే కోతల కాలపు వలస పనికి. వాళ్ల సొంతూళ్లలో వాన నమ్మకం లేదు, పొలం కూలి లేదు. పిల్లల్ని సొంతూళ్లోనే ఉంచేందుకు కర్నూలు వైపు సీజనల్ హాస్టళ్లు పెట్టారు, అయినా చాలామంది తల్లిదండ్రులతోనే వచ్చేస్తారు.

నేను పనిచేసిన ప్లాన్లలో మిర్చి గోడౌన్లకూ కోల్డ్ స్టోరేజీలకూ స్థలం చూపించాం. గుడారాలకి చూపించలేదు. ఒక సమావేశంలో, ఊరికి ఒక అరెకరం గుర్తించి కుళాయిలు, మరుగుదొడ్లు, పిల్లలకో షెడ్డు వేద్దామన్నాను. "మూడు నెలలుండి పోయేవాళ్లే కదండీ" అన్నారు ఎదుటి కుర్చీలోని పెద్దమనిషి. ఏటేటా వచ్చే మూడు నెలలండీ అన్నాను. అప్పటికే ఆయన తర్వాతి అంశం చదువుతున్నారు.