ఎలెనా గ్రూషినా: ఒక కంచు పతకం వెనక ఎనిమిదేళ్ళ కథ

2006 ఫిబ్రవరి, ఇటలీలోని టోరినో ఒలింపిక్స్, ఐస్ డాన్స్ (ఫిగర్ స్కేటింగ్‌లో ఒకమ్మాయి, ఒకబ్బాయి జంటగా మంచు మీద చేసే నాట్యం) ఆఖరి మార్కులు వచ్చాయి. అమెరికా జంట బెల్బిన్, అగోస్టోకి 196.06, ఉక్రెయిన్ జంట ఎలెనా గ్రూషినా, రుస్లాన్ గొంచరోవ్‌కి 195.85. తేడా 0.21 మాత్రమే, దాంతోనే వెండి అటు పోయి కంచు వీళ్ళకి వచ్చింది. అయ్యో అనిపిస్తుంది కానీ వీళ్ళు ఎక్కడ మొదలెట్టారో తెలిస్తే అలా అనిపించదు: 1998 నగానోలో 15వ స్థానం, 2002 సాల్ట్ లేక్ సిటీలో 9, టోరినోలో 3. అప్పటికి ఎలెనాకి 31 ఏళ్ళు, రుస్లాన్‌కి 33, ఇద్దరూ ఒడెస్సాలో పుట్టినవాళ్ళే, భార్యాభర్తలు కూడా.

ఇంత టైమ్ ఎందుకు పట్టిందంటే ముందు ఆట సంగతి తెలియాలి. ఐస్ డాన్స్‌లో పార్ట్‌నర్‌ని తలపైకి ఎత్తకూడదు, గాల్లోకి విసరకూడదు, రెండు మూడు చుట్లు తిరిగే జంపులు ఉండవు. జడ్జీలు చూసేదల్లా బ్లేడు అంచు మీద ఎంత లోతుగా వంగుతున్నారు, ఇద్దరి మధ్య ఎంత తక్కువ ఖాళీ ఉంది, పాదం తాళానికి సరిగ్గా పడుతోందా అన్నదే, ఇవి కొలిచేవి కాదు కాబట్టి జడ్జీలు ఆరుకి ఇన్ని అని మార్కులు వేసే పాత 6.0 పద్ధతి రోజుల్లో పేరున్న జంట పేరున్న చోటే ఉండేది, కొత్తవాళ్ళు ముందువాళ్ళు రిటైర్ అయ్యేదాకా లైన్లో నిలబడాల్సిందే. నగానోలో ఆ అనుమానం టేపు మీదకే ఎక్కింది, కెనడా జడ్జి జీన్ సెంఫ్ట్ ఒక ఫోన్ కాల్ రికార్డ్ చేసింది, అందులో ఉక్రెయిన్ జడ్జి యూరీ బాల్కోవ్ పోటీకి ముందే ఎవరు ఏ స్థానంలో వస్తారో చెప్తున్నాడు. అతన్ని ఏడాది సస్పెండ్ చేశారు. రోజుకి గంటలు గంటలు ఐస్ మీద ఉండి చచ్చేలా ప్రాక్టీస్ చేసే పిల్లలకి ఇంతకన్నా పెద్ద అన్యాయం ఏముంటుంది, నాకైతే ఇప్పటికీ కోపం వస్తుంది.

2002లో పెయిర్స్ (ఎత్తడాలు, విసరడాలు ఉండే జంటల స్కేటింగ్) పోటీలో ఇంకో జడ్జీల గొడవ బయటపడ్డాక 6.0 పద్ధతే ఎత్తేశారు, ఒక్కో ఎలిమెంట్‌కి, అంటే ఒక్కో విన్యాసానికి, విడిగా పాయింట్లు వచ్చాయి. సరిగ్గా ఆ తర్వాతే వీళ్ళకి 2005లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్ వెండి, మాస్కో వరల్డ్స్ (ప్రపంచ ఛాంపియన్‌షిప్)లో కంచు, 2006లో మళ్ళీ యూరోపియన్ వెండి. పద్ధతి మారడం వల్లే వచ్చాయని అనను, 2002 విజేతలు అనిసినా, పీజెరా లాంటి పెద్ద జంటలు కూడా అప్పటికి తప్పుకున్నారు, రెండూ కలిసొచ్చాయి.

టోరినోలో ఒరిజినల్ డాన్స్ (మూడు రౌండ్లలో రెండోది) రోజు గుర్తున్నవాళ్ళకి తెలుసు, మొదటి రౌండ్‌లో ముందున్న ఇటలీ జంట సొంత ప్రేక్షకుల ముందు ఇంకో కొద్ది సెకన్లలో అయిపోతుందనగా పడిపోయారు, కెనడా స్కేటర్ దుబ్రూయ్ పార్ట్‌నర్ ఎత్తినప్పుడు లిఫ్ట్‌లోంచి జారి దెబ్బ తగిలి ఆఖరి రౌండైన ఫ్రీ డాన్స్‌కే రాలేదు.

నాకు బాగా తట్టేది మాత్రం ఆ పోడియం. బంగారం గెలిచిన తాత్యానా నవ్కా కూడా ఉక్రెయిన్‌లోనే పుట్టింది, ద్నిప్రోపెత్రోవ్‌స్క్ అమ్మాయి, ఒకప్పుడు బెలారుస్‌కి ఆడి ఆ తర్వాత రష్యాకి వెళ్ళింది. వెండి గెలిచిన బెల్బిన్ కెనడాలో పుట్టింది, అమెరికా పౌరసత్వం 2005 డిసెంబర్ చివర్లో సంతకమైన చట్టం వల్ల వచ్చింది. అంతకుముందు 1994, 1998 రెండు బంగారాలు రష్యాకి తెచ్చిన గ్రిషుక్, ప్లాతోవ్ ఇద్దరూ ఒడెస్సా వాళ్ళే. సోవియట్ యూనియన్ విడిపోయాక మంచి కోచ్‌లు, మంచి రింకులు, డబ్బు ఎటుంటే ఆటగాళ్ళు అటు వెళ్ళారు, తప్పు పట్టలేం. గ్రూషినా కూడా ట్రైనింగ్ కోసం అమెరికా వెళ్ళింది, కానీ జెండా మార్చలేదు, ఆ రోజు ముగ్గురు అమ్మాయిల్లో పుట్టిన నేల జెండా పైకెళ్తుంటే చూసింది ఈమె ఒక్కతే.

స్వతంత్ర ఉక్రెయిన్‌కి ఫిగర్ స్కేటింగ్‌లో ఒలింపిక్ పతకాలు రెండే, 1994లో ఒక్సానా బయుల్ బంగారం, తర్వాత ఈ కంచు. ఇప్పటికీ మూడోది రాలేదు. 2022 మార్చిలో ఫ్రాన్స్‌లో మోంపెలియే వరల్డ్స్‌కి ఖార్కివ్ జంట నజరోవా, నికితిన్ యుద్ధంలోంచి వచ్చి, మెరిసే డ్రెస్సులు వేసుకోకుండా, టీమ్ బట్టల్లోనే మొదటి రౌండైన రిథమ్ డాన్స్ చేసి, ఫ్రీ డాన్స్‌కి దిగకుండా తప్పుకున్నారు.