మన రాత్రులకు తగిన ఆలుగడ్డ

మొక్క ఏపుగా పెరిగినా, తవ్వి చూస్తే గోలీలంత గడ్డలే దొరికాయని మిద్దెతోటల వాళ్లు తరచూ అంటుంటారు. చాలాసార్లు దీనికి కారణం రాత్రి వేడి. పగలు ఆకులు తయారుచేసిన ఆహారం గడ్డలోకి దిగాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. 20 డిగ్రీలు దాటితే చాలా రకాల్లో గడ్డ కట్టడం మందగిస్తుంది. అందుకే తెలంగాణలో అక్టోబరు చివర, లేదా నవంబరు మొదట్లో నాటడమే మేలు. ఫిబ్రవరిలో ఎండ ముదిరేలోపు గడ్డ చేతికి రావాలి.

రకాన్నీ ఆ లెక్కతోనే ఎంచుకోవాలి. కుఫ్రీ పుఖ్‌రాజ్, కుఫ్రీ లవ్‌కర్ త్వరగా కోతకొస్తాయి. చలి తక్కువగా ఉండే చోట వేడిని తట్టుకునే కుఫ్రీ సూర్య నయం. ఎర్రతోలు లాలిమ, ఊదాతోలు నీలకంఠ్ చూడముచ్చటగా ఉంటాయి కానీ ఇంకొన్నాళ్లు ఆగాలి. ఒక్కో రకానికి ఒక్కో మొక్కల సంచి (గ్రో బ్యాగ్) కేటాయించి, నాటిన తేదీ రాసిపెట్టండి.

కొత్తగా తవ్విన గడ్డ కొన్ని వారాలు మొలకెత్తదు, కాబట్టి కోల్డ్ స్టోరేజీలో ఉంచిన విత్తన గడ్డే తీసుకోవాలి. 40 గ్రాముల గడ్డలను ఎండ తగలని వెలుతురులో పరిస్తే, పది పదిహేను రోజుల్లో పొట్టి, గట్టి మొలకలొస్తాయి. చీకట్లో ఉంచితే అవి పాలిపోయి సాగుతాయి, ముట్టుకుంటే విరుగుతాయి. పెద్ద గడ్డ కోస్తే ముక్కకు రెండు కళ్లైనా (మొలకొచ్చే గుంటలు) ఉండాలి. కోసిన చోటు ఆరి పొర కట్టేదాకా రెండు రోజులు నీడలో ఉంచాలి. పచ్చి ముక్క నాటితే కుళ్లుతుంది.

40 లీటర్ల సంచికి రెండు గడ్డలు చాలు. అడుగున 15 సెంటీమీటర్ల మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి పోసి, గడ్డలు పెట్టి, పైన 7 సెంటీమీటర్లు కప్పండి. పచ్చి పేడ, బూడిద వేయొద్దు. వాటివల్ల తోలుమీద గజ్జి మచ్చలు ఎక్కువవుతాయి. యూరియా ఎక్కువైతే ఆకే పెరుగుతుంది.

మొక్క జానెడు ఎత్తుకు రాగానే మొదళ్లకు మట్టి ఎగదోయాలి, రెండు వారాలకు మళ్లీ. గడ్డలు వేర్లకు కాయవు, భూమిలో అడ్డంగా సాగే కాండం కొసన ఊరతాయి. వెలుతురు తగిలితే పచ్చబడి సొలనిన్ అనే విషం చేరుతుంది, ఉడికించినా అది పోదు. నీరు ఒకరోజు ముంచి, వారం మరిస్తే గడ్డలు పగులుతాయి.

ఆకులు పసుపెక్కాక నేలపైని కాండం కోసి, పది రోజులాగి తవ్వండి. ఈలోగా తోలు ముదురుతుంది. ఆకుముడత వచ్చిన మొక్క గడ్డల్ని వండుకోవచ్చు, విత్తనానికి మాత్రం ఉంచొద్దు.