ఆ 384 మంది ఎవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే విశాఖపట్నంలో కాలేజీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లోకి గూగుల్ ఫామ్ లింకులు వరసపెట్టి వస్తాయి. కింద ఒక మెసేజి: "అక్కా, రెండు నిమిషాలే, ప్లీజ్ నింపవా, గైడ్ శుక్రవారం కల్లా డేటా చూపించమన్నారు." ఎం.ఎడ్. వాళ్ళకీ, సైకాలజీ పీజీ వాళ్ళకీ, ఎంబీఏ ప్రాజెక్టు వాళ్ళకీ అదే సీజను. ఫామ్ తెరిస్తే ముప్పయ్యో నలభయ్యో వాక్యాలు, ఒక్కోదాని కింద ఐదు గుండ్రాలు. "పూర్తిగా అంగీకరిస్తాను" దగ్గర మొదలై "అస్సలు అంగీకరించను" దగ్గర ఆగుతాయి. ఈ తరహా కొలతను 1932లో ప్రవేశపెట్టింది రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్. ఆయన పేరు మీదే దాన్ని లికర్ట్ స్కేల్ అంటారు.

మద్దిలపాలెం హాస్టల్ గదిలో పుట్టిన లింకు ఎంవీపీ కాలనీ పీజీ హాస్టళ్ళకీ, అక్కణ్ణుంచి రుషికొండ, మధురవాడ వైపు ఇంజనీరింగ్ కాలేజీలకీ పాకుతుంది. రెండు రోజుల్లో మూడువందలు దాటుతాయి. థీసిస్ బైండింగ్ అయి వచ్చేటప్పటికి అట్ట మీద "విశాఖపట్నం యువతలో ఆందోళన, ఆత్మవిశ్వాసం: ఒక పరిశీలన" లాంటి పేరు ఉంటుంది. పూర్ణా మార్కెట్లో మూటలు దించే ఇరవై ఏళ్ళ కుర్రాడూ యువతే, గాజువాకలో బట్టల షాపులో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయీ యువతే. వాళ్ళకి ఆ లింకు ఎవరూ పంపలేదు. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18-23 ఏళ్ళ వయసు జనాభాతో పోల్చి లెక్కగడితే ఉన్నత విద్యలో చేరికల నిష్పత్తి దేశం మొత్తం మీద 28.4 శాతం. అంటే ఆ వయసువాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా కాలేజీ బయటే ఉన్నారు.

ఈ అలవాటు మన దగ్గర పుట్టింది కాదు. క్విన్ మెక్‌నెమార్ అనే సైకాలజిస్టు 1946లోనే ఎత్తిపొడిచాడు: మానవ ప్రవర్తన శాస్త్రమని మనం చెప్పుకుంటున్నది చాలావరకు కాలేజీ రెండో ఏడాది పిల్లల ప్రవర్తన శాస్త్రమే అని. నలభై ఏళ్ళ తరవాత, 1986లో, డేవిడ్ సియర్స్ సోషల్ సైకాలజీ పత్రికలు తిరగేసి చూస్తే వ్యవహారం తగ్గకపోగా ముదిరింది. పెద్ద పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో అత్యధిక భాగం కాలేజీ పిల్లల మీదే జరిగినవి. సియర్స్ అంతటితో ఊరుకోలేదు. ఆ వయసులో అభిప్రాయాలు ఇంకా గట్టిపడి ఉండవు, పెద్దవాళ్ళు చెప్పింది వినే గుణం ఎక్కువ, స్నేహ బృందాలు తరచు మారుతుంటాయి అన్నాడు. అలాంటప్పుడు మనుషులు ఇట్టే మనసు మార్చుకుంటారనీ, గుంపును అనుసరిస్తారనీ శాస్త్రం చెబుతున్నదాంట్లో మనిషి స్వభావం ఎంత, పద్దెనిమిదేళ్ళ వయసు ఎంత అని అడిగాడు. గట్టి ప్రశ్నే.

2008లో జెఫ్రీ ఆర్నెట్ అనే సైకాలజిస్టు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ప్రచురించే ఆరు పత్రికలు తీసుకుని 2003 నుంచి 2007 దాకా లెక్క వేశాడు. పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య, పారిశ్రామిక దేశాలవాళ్ళు. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నోరెన్‌జయన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళి, ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న దేశాల నుంచే దాదాపు శాస్త్రమంతా వస్తోందని చూపించారు. పైగా చాలా కొలతల్లో ఆ జనం సగటున ఉండరు, ఒక కొసన ఉంటారు. వాళ్ళు చూపించిన వాటిలో నాకు నచ్చింది ముల్లర్ లయర్ భ్రమ. రెండు గీతల పొడవు ఒకటే, చివర బాణం గుర్తులు మాత్రం ఒకదానికి లోపలికి, ఇంకోదానికి బయటికి. మనకి ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కనిపిస్తాయి. ఇది కంటి నిర్మాణంలోనే ఉందనుకునేవారు. 1960లలో రకరకాల సమాజాల్లో పరీక్షిస్తే అమెరికన్ కాలేజీ పిల్లలు అందరికంటే ఎక్కువ మోసపోయారు, కలహారి ఎడారిలోని సాన్ వేటగాళ్ళకి ఆ తేడా దాదాపు కనిపించనే లేదు.

విద్యార్థి నమూనా, అంటే అందరి తరఫునా విద్యార్థులనే అడగడం, అనగానే అందరూ వయసు సంగతి, డబ్బు సంగతి ఎత్తుతారు. అవి నిజమే. కానీ మన దగ్గర అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుందని నా అభిప్రాయం. విద్యార్థి అంటే ప్రశ్నపత్రానికి అలవాటు పడ్డ మనిషి. సర్వే ఫామ్ కూడా ఒక ప్రశ్నపత్రమే.

రష్యన్ సైకాలజిస్టు అలెగ్జాండర్ లూరియా 1931-32లో ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో తిరిగాడు. బడి మొహం చూడని రైతులని ఇలా అడిగాడు: ఉత్తరాన మంచు ఉండే చోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నోవయా జెమ్ల్యా ఉత్తరాన ఉంది, అక్కడ ఎప్పుడూ మంచే. మరి అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? బడికెళ్ళిన పిల్లాడు తడుముకోకుండా తెలుపంటాడు. ఆ రైతుల్లో చాలామంది, మేము అక్కడికి వెళ్ళలేదు, చూసినవాళ్ళని అడగండి అన్నారు. వాళ్ళకి తర్కం రాక కాదు. తాము చూడని విషయం గురించి, ఇచ్చిన రెండు వాక్యాల ఆధారంతో మాత్రమే జవాబు చెప్పడం బడి నేర్పే పద్ధతి. వాళ్ళకా పద్ధతి ఎవరూ నేర్పలేదు.

మన పిల్లలకి అది ఎల్‌కేజీ నుంచి నేర్పుతాం. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, బిట్ పేపర్లు, నాలుగింట్లో ఒకటి దిద్దడం. ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదన్నది నరనరానా ఎక్కిపోతుంది. అలాంటి పిల్లల చేతికి "నా జీవితంలో జరిగేది చాలావరకు నా చేతుల్లోనే ఉంది" అనే వాక్యం ఇవ్వండి. ఇలాంటివి కొలిచే స్కేలు 1966లో జూలియన్ రాటర్ తయారుచేశాడు, మన ఎడ్యుకేషన్ థీసిసుల్లో దాని సంతానం ఇప్పటికీ తిరుగుతోంది. కుర్రాడు మూడు సెకన్లలో "అంగీకరిస్తాను" నొక్కి తరవాతి వాక్యానికి వెళ్ళిపోతాడు. అదే వాక్యాన్ని జాలరిపేటలో బోటు మీదికి వేటకెళ్ళే పెద్దాయనకి చదివి వినిపించామనుకోండి. "ఏటి నా సేతిలో ఉంటాది బాబూ, వేట బట్టే కదా" అనొచ్చు. దీనికి ఐదు గుండ్రాల్లో ఏది దిద్దుతాం? పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకి నిషేధం. ఆ 61 రోజుల్లో అడిగితే ఒక జవాబు, వేట సాగే రోజుల్లో అడిగితే ఇంకో జవాబు వచ్చినా ఆశ్చర్యం లేదు. విద్యార్థుల డేటా "నీట్"గా వస్తుందని గైడ్లు మెచ్చుకుంటారు. ఆ నీట్‌నెస్‌లో కొంత భాగం పరీక్షల అలవాటు ఇచ్చిందే.

మరీ మౌలికమైన మానసిక ప్రక్రియలకి ఇవేవీ వర్తించవని కొందరంటారు. కొంతవరకు ఒప్పుకోవచ్చు, పూర్తిగా కాదు. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. "ఎరుపు" అని నీలం సిరాతో రాసి, సిరా రంగేమిటో చెప్పమంటే తడబడతాం, ఎందుకంటే చదవకుండా ఉండలేం. కానీ చదవడమే రాని మనిషికి ఆ తడబాటు ఎక్కడిది? 2011 జనగణనలో ఉమ్మడి విశాఖ జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం. అంటే ఇంత మౌలికమనుకున్న ఫలితంలో కూడా బడి దాక్కునే ఉంది.

ఇక 384 దగ్గరికి వద్దాం. ఎం.ఎడ్. డిసర్టేషన్లు చూసినవాళ్ళకి ఈ అంకె పరిచయమే. రాబర్ట్ క్రేసీ, డరైల్ మోర్గన్ 1970లో ఒక పట్టిక ఇచ్చారు. జనాభా పదివేలైతే 370 మంది చాలు, పది లక్షలైతే 384 మంది చాలు. 95 శాతం నమ్మకంతో, అయిదు శాతం అటూ ఇటూగా అంచనా వస్తుంది, అంటే ఇలా వందసార్లు సర్వే చేస్తే సుమారు తొంభై అయిదు సార్లు అసలు అంకెకి అయిదు శాతం లోపలే ఉంటుంది. 2011లోనే 17 లక్షలు దాటిన విశాఖ నగరానికి కూడా దాదాపు ఇంతే. పట్టిక తప్పు కాదు. కానీ దాని కింద ఒక షరతుంది: ఆ 384 మందినీ మొత్తం జనంలోంచి లాటరీ తీసినట్టు ఎంచుకోవాలి, ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. మన పరిశోధకులు అంకె పట్టుకుని షరతు వదిలేస్తారు. వైవాలో కూడా "శాంపిల్ సైజ్ ఎంత" అని అడుగుతారు గానీ "ఎలా దొరికారు" అని అడగడం అరుదు.

దీని మూల్యం ఎంతో లెక్క వేసి చూడొచ్చు. తెలిసిన లెక్చరర్ల ద్వారా ఆరు క్లాసుల్లోకి వెళ్ళి ఒక్కో క్లాసులో 64 మంది చేత నింపించామనుకోండి. మొత్తం 384. ఒకే క్లాసు పిల్లలు ఒకే పాఠం వింటారు, ఒకే క్యాంటీన్‌లో తింటారు, ఇంచుమించు ఒకే ర్యాంకుతో చేరతారు. వాళ్ళ జవాబులు ఎంతో కొంత దగ్గరగా ఉంటాయి. ఈ పోలికని సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకెతో కొలుస్తారు. అది 0.1 అనుకుందాం, విద్యా రంగంలో పెద్ద వింతేమీ కాదు. గుంపులుగా ఎంచుకోవడం వల్ల అంచనా ఎంత బలహీనపడుతుందో చెప్పేది, లెస్లీ కిష్ ప్రచారంలోకి తెచ్చిన డిజైన్ ఎఫెక్ట్ సూత్రం. దాని ప్రకారం క్లాసులోని 64లోంచి ఒకటి తీసేసి, ఆ 63ని 0.1తో గుణించి ఒకటి కలపాలి: 7.3 వస్తుంది. 384ని దానితో భాగిస్తే 53 కూడా పూర్తిగా రాదు. ఫామ్ నింపింది 384 మంది, మనకి దక్కిన సమాచారం సుమారు 53 మందిది. అయిదు శాతం అటూ ఇటూ అనుకున్నది పదమూడు దాటుతుంది. అదైనా ఆ క్లాసుల్ని లాటరీ తీసి ఎంచుకుంటేనే. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు గానీ, ఒకే గిన్నెలో అరవై మెతుకులు పట్టి చూసినంత మాత్రాన వీధిలో అరవై ఇళ్ళ వంట సంగతి తెలియదు.

వాట్సాప్ లింకు విషయంలో ఈ లెక్క కూడా కుదరదు, ఎందుకంటే ఎవరికి అందిందో, అందినవాళ్ళలో ఎవరు నింపలేదో ఎవరికీ తెలియదు.

ఇంకో చిక్కు ఎడ్యుకేషన్ వాళ్ళకి ప్రత్యేకం. పరీక్ష టెన్షన్‌కీ మార్కులకీ సంబంధం ఉందా అని ఒక మంచి ఇంజనీరింగ్ కాలేజీలో అడిగామనుకోండి. ఈఏపీసెట్ అని పేరు మారినా జనం ఎంసెట్ అనే అంటున్న పరీక్షలో ఒక ర్యాంకు లోపల వచ్చినవాళ్ళే అక్కడుంటారు. టెన్షన్ వల్ల ఇంటర్‌లోనే ఆగిపోయినవాళ్ళు, సగంలో చదువు మానేసినవాళ్ళు ఆ గదిలో లేరు. మార్కుల్లో హెచ్చుతగ్గులు తక్కువ, కాబట్టి సంబంధం కూడా పలచగా కనిపిస్తుంది. పరిశోధకురాలు "గణనీయమైన సంబంధం లేదు" అని రాసేస్తుంది. ఆ సంబంధం బలిసినచోట ఉన్నవాళ్ళని ప్రవేశ పరీక్షే ముందుగా వడకట్టేసింది.

ఇంత చెప్పినా, విద్యార్థుల మీద సర్వేలు మానేయాలని నేననను. హాస్టల్ పిల్లల నిద్ర గురించో, బి.ఎడ్. ట్రైనీలకి బోధన మీద ఉన్న భయం గురించో తెలుసుకోవాలంటే విద్యార్థులనే అడగాలి, ఇంకెవర్ని అడుగుతాం? కొత్త స్కేల్‌ని తెలుగులోకి తెచ్చినప్పుడు, వాక్యాలు అర్థమవుతున్నాయో లేదో చూసే తొలి అడుగుకీ వాళ్ళు పనికొస్తారు. 2011లో జేమ్స్ డ్రక్‌మన్, సిండీ కామ్ అనే రాజనీతి పరిశోధకులు ఇంకో వాదన తెచ్చారు. ప్రయోగాల్లో మనం చూసేది ఒక కారణం ఒక ఫలితాన్ని ఇస్తోందా లేదా అన్నది. ఆ ప్రభావం వయసునో చదువునో బట్టి మారేది కాకపోతే విద్యార్థులతో చేసినా ఫలితం అదే వస్తుంది. వాదన సబబైనదే. అయితే మారదని ముందే ఎలా తెలుసు? 2001లో రాబర్ట్ పీటర్సన్ విద్యార్థుల మీదా ఇతరుల మీదా వచ్చిన ఫలితాల్ని పెద్ద ఎత్తున పోల్చి చూస్తే, ప్రభావాల పరిమాణమే కాదు, కొన్నిచోట్ల దిశ కూడా తారుమారైంది. 2016లో పాల్ హానెల్, కాటియా వియోన్ 59 దేశాల సమాచారం చూసి, విద్యార్థులకీ సామాన్య జనానికీ తేడా ఉంది గానీ అది ఏ దేశంలో ఎటు ఉంటుందో ముందుగా చెప్పలేమని తేల్చారు. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉంటే ఏదో లెక్క కట్టి సరిదిద్దుకునేవాళ్ళం. ఆ వీలు కూడా లేదు.

అడిగే తీరు గురించి ఒక్క మాట. తమకి ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరరే క్లాసులో ఫామ్‌లు పంచి "ఇష్టమైతేనే నింపండి" అంటే ఎంతమంది కాదంటారు? భారత వైద్య పరిశోధనా మండలి 2017 నైతిక మార్గదర్శకాల్లో, పైవాళ్ళ మాట కాదనలేని స్థితిలో ఉండేవారి కోవలో విద్యార్థులనీ చేర్చారు. ఆ ఒత్తిడి డేటాలోకీ వస్తుంది: పారిపోలేక నింపేవాడు వరసగా మధ్య గుండ్రమే దిద్దుకుంటూ పోతాడు.

డబ్బూ సమయమూ లేని పీజీ విద్యార్థి నగరమంతటా లాటరీ తీసి ఇల్లిల్లూ తిరగలేదు, నిజమే. ఈ దేశంలో శాంపిల్ సర్వేలకి దారి వేసిన మహలనోబిస్‌కి 1937లో బెంగాల్ జనపనార విస్తీర్ణం అంచనా కట్టమన్నప్పుడు కూడా ఖర్చే పెద్ద తలనొప్పి. 1950లో జాతీయ నమూనా సర్వేని నిలబెట్టిన ఆయన పద్ధతుల్లో ఒకటి ఇప్పటికీ చవకైనది: నమూనాని రెండుగా విడగొట్టి, రెండు బృందాల చేత విడివిడిగా సేకరింపజేసి, రెండు అంచనాలనీ పక్కపక్కన పెట్టి చూడటం. ఆయన అలా పట్టుకోవాలనుకున్నది సేకరణలో దొర్లే తప్పుల్ని. అదే ఆలోచనని కాస్త మార్చి వాడుకోవచ్చు. మూడువందల మంది హాస్టల్ పిల్లల బదులు నూటయాభై మందిని క్యాంపస్‌లో అడిగి, మిగతా నూటయాభై మందిని ఐటీఐలో, గాజువాక షాపుల్లో, దూరవిద్య కాంటాక్ట్ క్లాసులకి ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళలో వెతకాలి. చదవడం కష్టమైనవాళ్ళకి వాక్యం చదివి వినిపించి, వాళ్ళ మాటల్లో చెప్పింది కూడా రాసుకోవాలి. రెండు గుంపుల్నీ కలిపి సగటు తీయకుండా రెండు పట్టికలు వేయాలి. ఆత్మవిశ్వాసానికీ ఆందోళనకీ సంబంధం రెండింట్లోనూ ఒకే వైపు ఉంటే థీసిస్‌లో ఆ మాట కాస్త ధైర్యంగా రాయొచ్చు. ఒక్కో వైపు ఉంటే ముగింపులు రాసే అయిదో అధ్యాయం మళ్ళీ రాయాల్సి వస్తుంది, గైడ్ కాస్త చిరాకు పడొచ్చు.