అప్పు నోటు, జామీను, ఐపీ: అపోహలు - వాస్తవాలు

గుంటూరులో న్యాయవాదిగా నా దగ్గరకు వచ్చే సివిల్ కేసుల్లో ఎక్కువ ప్రోనోటు దావాలే. మిర్చి పెట్టుబడికో, కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో రాసిన నోట్లు. ఎవరిని కదిపినా అవే అపోహలు.

అపోహ: ఐపీ పెడితే అప్పులన్నీ పోతాయి.

వాస్తవం: పోవు. ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్. కంపెనీలకు 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినా మామూలు మనుషులకు ఇప్పటికీ ఆ పాత చట్టమే. పిటిషన్ వేసినంత మాత్రాన ఒక్క రూపాయి బాకీ కూడా రద్దు కాదు. ఉన్న ఆస్తులు, ఇవ్వాల్సిన అప్పులు అన్నీ కోర్టు ముందు పెట్టాలి. దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికో, కోర్టు నియమించే రిసీవర్ చేతికో పోతుంది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్మును అప్పిచ్చినవాళ్లకు పంచుతారు. మిగిలిన బాకీ నుంచి విముక్తి కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, కోర్టు కాదనవచ్చు. మోసం చేసి తెచ్చిన అప్పుకు ఆ విముక్తి వర్తించదు. ఇల్లు తనఖా పట్టిన బ్యాంకు హక్కు చెక్కుచెదరదు.

“ముందు పొలం బావమరిది పేర రాసేసి, ఆ తర్వాత ఐపీ వేద్దామండీ” అంటారు నా దగ్గరకు వచ్చే కొందరు. అలాంటి పని నేను చేయను. ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన రెండేళ్లలోపు పిటిషన్ పడి, దివాలా ప్రకటన వస్తే ఆ దస్తావేజును కోర్టు రద్దు చేస్తుంది. పైగా అప్పిచ్చినవాళ్లందరూ ధనవంతులు కారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మంతా ఒక్క నోటు మీద ఇచ్చి, ఆ వడ్డీతో మందులు కొనుక్కునే పెద్దవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: జామీను సంతకం సాక్షి సంతకం లాంటిదే.

వాస్తవం: కానే కాదు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను సంతకం చేసిన హామీదారుకూ అంతే. ముందు అతన్ని అడిగి తర్వాత నా దగ్గరకు రండి అనే వీలు లేదు.

అపోహ: ఏటా వడ్డీ ఇస్తూనే ఉన్నాడు, నోటుకు ఢోకా లేదు.

వాస్తవం: అడిగిన వెంటనే చెల్లించాల్సిన నోటు మీద దావాకు గడువు, రాసిన తేదీ నుంచి మూడేళ్లు. చేతికిచ్చిన వడ్డీ ఒక్కటే ఆ గడువును పెంచదు. మూడేళ్లు నిండకముందే నోటు వెనక తేదీ, ఇచ్చిన మొత్తం రాసి, బాకీదారు సంతకం చేయాలి. మనవాళ్లు చెల్లు అనేది దీన్నే. అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు.

ఖాళీ నోటు మీద సంతకం అడిగితే, ఎంత దగ్గరివాళ్లయినా, అంకెలు నింపాకే చేయండి. స్టాంపు అంటించిన ఖాళీ నోటు సంతకంతో చేతికిస్తే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే. బాకీ తీర్చిన రోజునే అసలు నోటు వెనక్కి తీసుకోండి. ఎక్కడో పడిపోయిందంటే, అసలూ వడ్డీ పూర్తిగా ముట్టినట్టు నోటు తేదీతో సహా రసీదు రాయించుకోండి.