టార్క్ రెంచ్ ‘టిక్’ మంటే బోల్టు బిగిసినట్టేనా? మా షెడ్డులో తరచూ వినే అపోహలు

మొన్నామధ్య మా షెడ్డుకు ఒక చిన్న పెట్రోల్ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్డుకూ, కింది బ్లాకుకూ మధ్య వేసే పలుచటి అడ్డు) మార్పించి రెండు నెలలు కూడా కాలేదట. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తోంది. “మేస్త్రిగారూ, హెడ్డు టార్క్ రెంచ్‌తోనే బిగించారండీ. పక్కనే నిలబడ్డాను, టిక్ టిక్ మనడం నా చెవులతో విన్నాను” అన్నారు బండి ఓనరు. ఆయన చెప్పింది నిజమే. కానీ హెడ్ విప్పుతుంటే పది బోల్టుల్లో కొన్ని గట్టిగా, కొన్ని ఇట్టే వదిలాయి. బోల్టు బొక్కల్లో పాత కూలెంటు, మడ్డి అలాగే ఉన్నాయి. మరలకు తుప్పు పట్టింది.

టార్క్ రెంచ్ అంటే కావలసిన బలం నంబరు ముందే పెట్టుకుని బిగించే పానా; బలం ఆ నంబరుకు చేరగానే టిక్ మంటుంది. అది కొలిచేది మనం తిప్పే బలాన్ని (టార్క్) మాత్రమే. ఆ బోల్టు హెడ్డును బ్లాకుకు ఎంత గట్టిగా అదిమి పట్టిందో దానికి తెలియదు. తిప్పే బలం పట్టుగా మారేలా చూడాల్సింది మేస్త్రి. ఈ తేడా తెలియకపోవడం వల్ల పాడైన ఇంజన్లను చాలా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: టిక్ మంది, ఇక బోల్టు సరిగ్గా బిగిసినట్టే

వాస్తవం: బోల్టు ఒక రకమైన స్ప్రింగు. బిగించే కొద్దీ కంటికి కనిపించనంతగా సాగుతుంది. సాగినది వెనక్కి లాగుతుంది, ఆ లాగుడే మనకు కావలసిన పట్టు. కానీ మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. మరో 40 శాతం దాకా మరల మధ్య రాపిడి తినేస్తుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది 10 శాతం చిల్లర. అంటే రాపిడి కొంచెం మారినా పట్టు చాలా మారిపోతుంది. తుప్పు మరల్లో టిక్ ముందే వచ్చేస్తుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. పొడిగా బిగించమన్న చోట ఆయిల్ పూస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: అదే నంబరు దగ్గర బోల్టు అతిగా సాగుతుంది.

అందుకే మరలకు ఆయిల్ రాయమందా, పొడిగా ఉంచమందా, లాక్ చేసే గమ్ము పెట్టమందా అన్నది మాన్యువల్‌లో నంబరుతో పాటే చదవాలి. బ్లాకులో బోల్టు బొక్కలకు చాలావరకు అడుగు మూసి ఉంటుంది. వాటిలో ఆయిల్ గానీ నీళ్లు గానీ నిలిస్తే, దిగే బోల్టు దాన్ని కిందికి నొక్కుతుంది. ద్రవం నలగదు, పోయే దారి లేదు. బ్లాకే పగలవచ్చు. నేను ముందు మర శుభ్రం చేసే ట్యాప్ దింపుతాను. తర్వాత బొక్క మీద గుడ్డ అడ్డం పెట్టి గాలి కొట్టి, సన్నటి పుల్లకు గుడ్డ చుట్టి అడుగు దాకా తుడుస్తాను. పుల్ల పొడిగా పైకి వచ్చేదాకా బోల్టు ముట్టుకోను. గాలి కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ఇంకొకటి. టిక్ మన్నాక ఇంకో రెండుసార్లు టిక్ మనిపించడం చాలామందికి అలవాటు. ప్రతి టిక్కుకూ బోల్టు ఇంకాస్త తిరగవచ్చు. నెమ్మదిగా, ఆగకుండా, ఒకే లాగుడులో లాగండి. మొదటి టిక్కు దగ్గర ఆపేయండి.

అపోహ: పాతికేళ్ల చేతికి టార్క్ రెంచ్ ఎందుకు?

వాస్తవం: ఈ మాట నాకు పని నేర్పిన వాళ్లూ అనేవారు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒకసారి పరీక్ష పెట్టి చూడండి. వైసులో ఒక పాత బోల్టు, నట్టు పట్టించి, ముల్లు తిరిగే డయల్ టార్క్ రెంచ్ తీసుకోండి. డయల్‌ను బిగించేవాడికి కనిపించకుండా కాగితంతో మరుగు చేసి, పక్కన ఇంకొకరిని చదవమనండి. “65 దగ్గర ఆపు” అని చెప్పండి. మా షెడ్డులో అందరం చేశాం. నేను ఉదయం ఆపిన చోటుకూ సాయంత్రం అలిసిపోయి ఆపిన చోటుకూ పొంతన లేదు. పొడుగు పానా అయితే ఒకలా, పొట్టిదయితే ఇంకోలా వచ్చింది.

అయినా చేతిని వదిలేయమనను. బోల్టు తిరుగుతూనే ఉంది, బలం మాత్రం పెరగడం లేదు అన్నది ముందు తెలిసేది చేతికే. మర పోతోందని, లేదా బోల్టు తెగబోతోందని దానర్థం. రెంచ్ ఇంకా టిక్ మనలేదని లాగుతూ పోతే అది తెగేదాకా టిక్ రాదు.

అపోహ: నంబరు తెలిస్తే చాలు, ఏ వరసలో బిగిస్తే ఏం?

వాస్తవం: హెడ్ బోల్టులు మధ్యలో మొదలుపెట్టి అంచులకు వెళ్లాలి, అదీ విడతలుగా. విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకు రావాలి. మూలలు ముందు బిగిస్తే మధ్యలో హెడ్ ఉబ్బినట్టు నిలబడి, గ్యాస్కెట్ ఒకచోట నలిగి ఒకచోట వదులవుతుంది.

ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి టార్క్ నంబరు సగం దారి మాత్రమే. ఉదాహరణకు ముందు 40 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), ఆ తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అని ఉంటుంది. ఆ డిగ్రీల విడతలో టిక్కుతో పనిలేదు, బోల్టు ఎంత తిరిగిందన్నదే లెక్క. రాపిడి ఎంతున్నా తిరిగిన మేరకు బోల్టు సాగుతుంది కాబట్టే ఈ పద్ధతి వచ్చింది. యాంగిల్ గేజ్ లేకపోతే బోల్టు తల మీద తెల్ల పెయింటుతో గీత పెట్టుకోండి. ఇలాంటి బోల్టులు చాలావరకు ఒక్కసారికే. కొన్ని కంపెనీలు పొడవు కొలిచి, హద్దులో ఉంటే మళ్లీ వాడనిస్తాయి. కొత్త సెట్టు ఖర్చని పాతవే వేయమని బతిమాలే కస్టమర్లున్నారు. నేను ఒప్పుకోను.

అపోహ: నంబరు నంబరే, ఏ స్కేలైతే ఏం?

వాస్తవం: ఇది నేను పని నేర్చుకునే రోజుల్లో నా చేతుల మీదుగా జరిగింది. హెడ్ బోల్టులకు 65 న్యూటన్ మీటర్లు పెట్టాలి. రెంచ్ పిడి మీద రెండు స్కేళ్లున్నాయి. ఒకవైపు న్యూటన్ మీటర్లు, రెండోవైపు ఫుట్ పౌండ్లు. నేను రెండోవైపు 65 పెట్టాను. ఒక ఫుట్ పౌండు అంటే 1.356 న్యూటన్ మీటర్లు, అంటే పడింది 88. అల్యూమినియం బ్లాకు. నాలుగో బోల్టు దగ్గర చేతికి మెత్తగా తగిలింది, అయినా టిక్ కోసం లాగాను. బోల్టు పైకి తీస్తే దాని మరల నిండా వెండి రంగు తీగలా అల్యూమినియం చుట్టుకొని వచ్చింది. ఆ బొక్కకు హెలికాయిల్ (పాడైన మర స్థానంలో వేసే తీగచుట్ట మర) వేయించే దాకా నాకు నిద్ర లేదు. పాత మాన్యువల్స్‌లో కిలో మీటర్లలోనూ ఉంటుంది. దూరం కొలిచే కిలోమీటరు కాదది, ఒక మీటరు పొడుగు పానా చివర ఒక కిలో బరువు వేలాడినట్టు. అది 9.81 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు మా షెడ్డులో నంబరు పెట్టిన కుర్రాడు యూనిట్‌తో సహా పైకి చదవాలి, ఇంకొకరు చూడాలి.

అపోహ: ఎక్స్‌టెన్షన్ రాడ్ వేస్తే టార్క్ తప్పుతుంది

వాస్తవం: సాకెట్‌కూ రెంచ్‌కూ మధ్య నిటారుగా వేసే రాడ్డు వల్ల టార్క్ మారదు. పొడుగు సన్న రాడ్డు కాస్త మెలి తిరుగుతుంది, అంతే. లెక్క మారేది పిడి పొడవును పెంచే వాటితో, అంటే కాకి కాలు లాంటి పక్క పానాతో. రెంచ్ పొడవు 400 మిల్లీమీటర్లు, దాని ముందు వరసలో 50 మిల్లీమీటర్ల పక్క పానా అనుకోండి. బోల్టుకు 54 కావాలంటే 400ను 450తో భాగించి 54తో గుణించాలి. రెంచ్ మీద 48 పెట్టాలి. అదే పక్క పానాను రెంచ్‌కు అడ్డంగా, మూలమట్టంలో తగిలిస్తే దిద్దుబాటు అక్కర్లేదు.

అపోహ: ఒక పెద్ద రెంచ్ కొంటే అన్నిటికీ సరిపోతుంది

వాస్తవం: టిక్ మనే రెంచ్‌ల ఖచ్చితత్వానికి హామీ సాధారణంగా గరిష్ఠ సామర్థ్యంలో 20 శాతం నుంచి పైకే. 200 న్యూటన్ మీటర్ల రెంచ్‌తో 10 న్యూటన్ మీటర్ల ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) బోల్టు బిగిస్తే టిక్ కోసం ఎదురుచూస్తూనే బోల్టు తెంపుతారు. చిన్నది ఒకటి, పెద్దది ఒకటి ఉండాలి.

దానితో బోల్టులు విప్పకండి. పని అయ్యాక స్కేలులో అన్నిటికంటే తక్కువ నంబరుకు తిప్పి పెట్టెలో పెట్టండి, అంతకంటే కిందికి వదలకండి. కింద పడితే పరీక్ష చేయించండి. పడకపోయినా ఏడాదికి ఒకసారి, లేదా 5,000 బిగింపులు, ఏది ముందైతే అప్పుడు క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో పరీక్ష) చేయించాలి. దీనికి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లున్నాయి.

అపోహ: గన్నుతో బిగించినా చివర్లో టార్క్ రెంచ్ వేస్తే సరిపోతుంది

వాస్తవం: ఇది బండి నడిపే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. టైర్ల షాపులో గాలి గన్నుతో వీల్ నట్లు దడదడా ఎక్కించి, చివర్లో టార్క్ రెంచ్‌తో టిక్ మనిపిస్తారు. నట్టు కొంచెం కూడా కదలకుండా టిక్ మందంటే అది కనీసం అంత బిగుతు ఉందని మాత్రమే. దానికి రెట్టింపు ఉన్నా అలాగే టిక్ మంటుంది. స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) సాగిపోయినా మీకు తెలియదు. అలా కనిపిస్తే “అన్నా, ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించు” అని మర్యాదగా అడగండి. నట్లు చేత్తో ఎక్కించాలి, చక్రం నేలకు తగిలేదాకా జాకీ దించాలి, ఆ తర్వాత ఎదురెదురు నట్ల వరసలో మీ బండి మాన్యువల్‌లో ఉన్న నంబరుకు బిగించాలి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించుకోండి.